ప్రయోగశాలలకు సరుకు అమ్మే కంపెనీల షేర్లు కొనేముందు

కొత్త మందు కనుగొనే కంపెనీలో పెట్టుబడి పెడితే, ఆ మందు క్లినికల్ ట్రయల్స్‌లో నెగ్గుతుందా లేదా అన్నదానిపైనే మన డబ్బు ఆధారపడుతుంది. ఆ పరిశోధనకు పరికరాలు, రసాయనాలు, ఫిల్టర్లు అమ్మే థర్మో ఫిషర్, డానహర్, సార్టోరియస్, వాటర్స్ వంటి కంపెనీల సరుకు మాత్రం ఎవరి మందు నెగ్గినా, ఓడినా అమ్ముడవుతుందని అంటారు. ఇందులో నిజం ఉంది గానీ, అది షేరు కొనడానికి చాలదు.

ముందుగా వార్షిక నివేదికలో, యంత్రాల అమ్మకం ఎంత, మళ్లీమళ్లీ కొనక తప్పని సరుకూ సర్వీసూ ఎంత అన్న విభజన చూడాలి. మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో, మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దానిలో బిగించే జానెడు స్టీలు గొట్టం, అంటే కాలమ్, నమూనాలు ఎక్కించేకొద్దీ అరిగి, గ్రాఫులో పీకులు (ఒక్కో పదార్థాన్ని చూపే శిఖరాలు) వెడల్పవడం మొదలవగానే మార్చాల్సి వస్తుంది. పరీక్షా విధానం ఫలానా కాలమ్‌తోనే వాలిడేట్ అయి (సరిగ్గా పనిచేస్తుందని రుజువై) ఉంటే, చవకగా దొరికిందని వేరొకటి పెట్టడం కుదరదు. మళ్లీ పరీక్షలు, మళ్లీ కాగితాలు. వాటర్స్ ఆదాయంలో సగానికి పైగా ఇలాంటి సరుకు, సర్వీసుల నుంచే వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతిన్నది నిల్వల విషయంలో. కోవిడ్ కాలంలో సరుకు దొరకదేమోనన్న భయంతో ఔషధ కంపెనీలు అవసరానికి మించి కొని గోదాముల్లో నింపాయి. ఆ ఆర్డర్లనే శాశ్వత వృద్ధిగా భావించి 2021లో ఖరీదైన ధరకు షేర్లు కొన్నవారు, తర్వాతి రెండేళ్లలో కొత్త ఆర్డర్లు తగ్గి, ఆ నిల్వలు నెమ్మదిగా కరుగుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది. 2022లో సుమారు 4,490 కోట్ల డాలర్లున్న థర్మో ఫిషర్ ఆదాయం, కోవిడ్ పరీక్షల గిరాకీ కూడా పోవడంతో, 2023లో 4,286 కోట్లకు తగ్గింది. అందుకే ఆదాయం కన్నా ముందు, కొత్తగా వచ్చిన ఆర్డర్లకూ పంపిన సరుకుకూ ఉన్న నిష్పత్తిని చూడాలి. అది వరుసగా కొన్ని త్రైమాసికాలు ఒకటికి పైన నిలిస్తేనే గిరాకీ తిరిగి వచ్చిందని నేను నమ్ముతాను.

కొనుగోలుదారులెవరన్నదీ ముఖ్యమే. విశ్వవిద్యాలయాలపై ఎక్కువగా ఆధారపడే కంపెనీకి ప్రభుత్వ గ్రాంట్లు తగ్గితే కష్టం: 2025 ఫిబ్రవరిలో వైద్య పరిశోధనకు గ్రాంట్లిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్లలో పరోక్ష ఖర్చులను (భవనాలు, కార్యాలయ నిర్వహణ వంటివి) 15 శాతానికి పరిమితం చేస్తామన్నప్పుడు, కోర్టులు అడ్డుకున్నా, ఆ ఆందోళన ఈ రంగాన్ని వదల్లేదు. ఇక ఇతర కంపెనీలను కొనే మోజు ఉన్న యాజమాన్యాన్ని అనుమానంగానే చూడాలి. జన్యుక్రమాన్ని చదివే యంత్రాలు చేసే ఇల్యూమినా 2021లో, రక్తపరీక్షతో క్యాన్సర్‌ను పసిగట్టే కంపెనీ గ్రెయిల్‌ను కొని, నియంత్రణ సంస్థలతో పోరాడి, తన లెక్కల్లో వందల కోట్ల డాలర్ల విలువను నష్టంగా రద్దు చేసుకుని, 2024లో దాన్ని విడదీసింది.

మన మార్కెట్‌లో ఇలాంటివి తక్కువ. కోల్‌కతాకు చెందిన, ల్యాబుల్లో వాడే ప్లాస్టిక్ సామగ్రి చేసే టార్సన్స్ 2021 నవంబరులో 662 రూపాయలకు ఐపీఓకు వచ్చి, తర్వాత ఆ ధర కిందికి జారింది. విదేశీ షేర్లకు రిజర్వ్ బ్యాంకు ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల దాకా అనుమతిస్తుంది. అమెరికా కంపెనీల డివిడెండుపై అక్కడే 25 శాతం పన్ను కోస్తారు.

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో పనిచేసే బంధువెవరైనా ఉంటే, కంపెనీ రహస్యాల జోలికి పోకుండా, ఒక్క ప్రశ్న అడగండి: ధర పెంచినా మార్చలేని సరుకు మీ ల్యాబ్‌లో ఏ బ్రాండుది?