నాలుగు ఎల్‌ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం కొలిచే పద్ధతి

కాంతి ఫోటాన్లనే చిన్న చిన్న శక్తి మూటలుగా వస్తుంది, రంగును బట్టి ఒక్కో ఫోటాన్ శక్తి ఉంటుంది. ఆ శక్తిని కాంతి పౌనఃపున్యంతో (సెకనుకు వచ్చే అలల సంఖ్యతో) భాగిస్తే వచ్చేదే ప్లాంక్ స్థిరాంకం. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో (ఒక వోల్టు తేడా దాటిన ఎలక్ట్రాన్‌కి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు) జవాబు వస్తుంది: 630 ఎరుపుకి 1.97, 470 నీలానికి 2.64. దీపం కాంతి పెంచితే ఫోటాన్లు ఎక్కువ వస్తాయి గానీ ఒక్కోదాని శక్తి పెరగదు. ఒక మిల్లీవాట్ ఎర్ర కాంతిలోనే సెకనుకు దాదాపు 3 × 10¹⁵ ఫోటాన్లు ఉంటాయి. ఎల్‌ఈడీలో ఎలక్ట్రాన్ ఒక శక్తి మెట్టు దిగితే ఒక ఫోటాన్ పుడుతుంది, ఆ మెట్టు ఎత్తును బట్టే ఎల్‌ఈడీకి వోల్టేజీ కావాలి కాబట్టి, వోల్టుమీటరుతోనే రంగుల మధ్య శక్తి తేడాను పట్టుకోవచ్చు.

బెంగళూరులో ఉన్నవాళ్లకి సామానంతా ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. మూడు పెన్సిల్ సెల్స్, వాటి హోల్డరు, 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పి వోల్టేజీ మార్చుకునే మూడు కాళ్ల భాగం), 1 కిలో ఓమ్ రెసిస్టర్, బ్రెడ్‌బోర్డు, డిజిటల్ మల్టీమీటర్ కావాలి. ఎల్‌ఈడీల దగ్గరే జాగ్రత్త. గాజులా రంగులేకుండా పారదర్శకంగా కనిపించే 5 ఎంఎం రకంలో ఎరుపు 630, పసుపు 590, ఆకుపచ్చ 525, నీలం 470 అని అడిగి తీసుకోండి. ఆకుపచ్చ ప్లాస్టిక్‌తో ఉండే పాతరకం ఆకుపచ్చ 565 దగ్గర వెలుగుతుంది. దాన్ని 525 అనుకుని లెక్కేస్తే గ్రాఫు పాడవుతుంది. తెల్ల ఎల్‌ఈడీ అసలు వద్దు, అది ఫాస్ఫర్ (నీలి కాంతిని వేరే రంగుల్లోకి మార్చే పొడి) పూసిన నీలమే. లోపలే రెసిస్టర్ ఉన్న 12 వోల్టుల రకం కూడా పనికిరాదు.

పొటెన్షియోమీటర్ చివరి రెండు కాళ్లని సెల్స్ రెండు కొసలకి కలపండి. మధ్య కాలు నుంచి రెసిస్టర్, అక్కణ్ణుంచి ఎల్‌ఈడీ పొడవు కాలు. పొట్టి కాలు మైనస్‌కి. 9 వోల్టుల బ్యాటరీ ఎందుకు వద్దంటే, నాబ్ కాస్త కదిపితే కరెంటు ఎగిరిపోతుంది. పైగా చాలా ఎల్‌ఈడీలకి తిరగేసి ఇవ్వదగ్గ వోల్టేజీ హద్దు 5. సెల్స్‌తో 4.5 వోల్టులే కాబట్టి కాళ్లు తారుమారైనా వెలగదంతే.

‘వెలగడం మొదలైన క్షణం’ కంటితో చూసి రాసుకునే పద్ధతి పాఠాల్లో కనిపిస్తుంది గానీ నమ్మదగ్గది కాదు. కన్ను 555 నానోమీటర్ల దగ్గర చురుగ్గా ఉంటుంది, అందుకే ఆకుపచ్చ ముందే కనబడుతుంది. దానికి బదులు అన్నిటికీ ఒకే కరెంటు పెట్టండి. మీటరును రెసిస్టర్ రెండు కొసల మీద పెట్టి, 100 మిల్లీవోల్టులు వచ్చేదాకా నాబ్ తిప్పండి, అంటే 0.1 మిల్లీఆంపియర్. నాబ్ ముట్టుకోకుండా మీటరును ఎల్‌ఈడీ మీదకి మార్చి వోల్టేజీ రాసుకోండి. నాలుగింటికీ అదే రెసిస్టర్ వాడండి, అప్పుడు దాని 5 శాతం తేడా గురించి బెంగ ఉండదు. ముల్లు మీటరు వాడకండి: చౌకరకం ముల్లు మీటరు 10 వోల్టుల రేంజిలో 20 కిలో ఓమ్‌లే ఉండొచ్చు, మీరు పెట్టిన కరెంటంత అదే లాక్కుంటుంది.

పౌనఃపున్యాలు వరసగా 476, 508, 571, 638 టెరాహెర్ట్జ్. వాటిని అడ్డంగా, వోల్టేజీలను నిలువుగా గుర్తించి, నాలుగు చుక్కలకీ దగ్గరగా ఒక గీత గీయండి. ఆ గీత మీద ఎరుపు, నీలం మధ్య తేడా 0.70 వోల్టులు వచ్చిందనుకుందాం. దాన్ని ఆ రెండిటి పౌనఃపున్యాల తేడా 162 × 10¹² తో భాగిస్తే గీత వాలు 4.32 × 10⁻¹⁵; ఆ వాలును ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹ తో గుణిస్తే ప్లాంక్ స్థిరాంకం 6.92 × 10⁻³⁴ జౌల్ సెకన్లు. 2019 నుంచి ఖాయమైన విలువ 6.62607015 × 10⁻³⁴. ఇంట్లో చేసినదానికి 10, 15 శాతం తేడా వచ్చినా కంగారొద్దు.

గీత సున్నా గుండా పోవాలని బలవంతపెట్టకండి. వేడివల్ల ఎలక్ట్రాన్లకి కొంత శక్తి ఊరికే అందుతుంది, కాబట్టి ఇంత తక్కువ కరెంటు దగ్గర వోల్టేజీ ఫోటాన్ శక్తికంటే తక్కువే ఉంటుంది. పైగా ఎరుపు, పసుపులది ఒక పదార్థం, ఆకుపచ్చ, నీలాలది ఇంకొకటి. అందుకే ఒక్క ఎల్‌ఈడీతో లెక్క తేల్చకండి. ఎరుపు, పసుపు రెండిటితోనే అసలొద్దు: వాటి మధ్య తేడా 0.13 వోల్టే, మీటరు చివరి అంకె అటూ ఇటూ అయితే చాలు, జవాబు మారిపోతుంది.