తేనెటీగల ఉపజాతి, ఆరోగ్య పరీక్షలకు నమూనా సేకరించే పద్ధతి

తేనెటీగ ఏ ఉపజాతిదో, దానికి ఏ రోగం సోకిందో తేల్చేది ప్రయోగశాలే అయినా, ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చన్నది తేనెటీగల పెట్టె దగ్గర నమూనా తీసినవారి జాగ్రత్త మీదే ఆధారపడి ఉంటుంది. గుంటూరు పరిసరాల్లో మన పుట్ట తేనెటీగ, అంటే ఏపిస్ సెరానా ఇండికా, బయటి నుంచి వచ్చిన ఇటాలియన్ తేనెటీగ రెండూ కనిపించవచ్చు కనుక, ముందుగా ఆ రెండింటినీ వేరుచేయాలి. వెనుక రెక్కను భూతద్దం కింద చూస్తే, పుట్ట తేనెటీగలో ఒక నరం అడ్డనరాన్ని దాటి మరికొంత ముందుకు సాగుతుంది. ఇటాలియన్ ఈగలో ఆ కొనసాగింపు ఉండదు.

జన్యు పరిశీలనకు ఒకే పెట్టె నుంచి యాభై ఈగలు తీయడం కంటే, దూరదూరంగా ఉన్న పెట్టెల నుంచి ఒక్కొక్కటి తీయడం మేలు. ఒక పెట్టెలోని కూలి ఈగలన్నీ సాధారణంగా ఒకే రాణి సంతానం కనుక, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏ వాటన్నింటిలో ఒక్కటే అవుతుంది. రెక్కల కొలతలకు మాత్రం పెట్టెకు పది నుంచి ఇరవై ఈగలు కావాలి.

పెట్టె గుమ్మం ముందు చచ్చి ఎండిన ఈగలను ఏరకూడదు. మన వేసవి ఎండకు వాటి డీఎన్ఏ త్వరగా పాడవుతుంది. బతికున్న ఈగలను ఉదయం పూట పట్టి, నేరుగా 95 శాతం ఇథైల్ ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, మరునాడు ఆ ఆల్కహాల్‌ను మార్చాలి, ఎందుకంటే ఈగ శరీరంలోని నీరు దానిని పలుచన చేస్తుంది. చీటీని పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వేయాలి; పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోయి, ఏ సీసా ఏ ఊరిదో తెలియకుండా పోతుంది.

ఈగల ఒంటిని పట్టి బతికే వరోవా నల్లిని లెక్కించడానికి, రాణి లేదని నిర్ధారించుకున్న పిల్ల ఫ్రేము నుంచి సుమారు 300 ఈగలను జాలీమూత సీసాలోకి దులిపి, పొడి చక్కెర వేసి, నిమిషంపాటు నెమ్మదిగా దొర్లించి, కొద్దిసేపు ఆగి, తెల్ల పళ్లెంలోకి జల్లించాలి. ఎర్రగా, పీతలా అడ్డంగా వెడల్పైన చిన్న నల్లులు రాలుతాయి. తొమ్మిది రాలితే నూటికి మూడు అన్నమాట. పుట్ట తేనెటీగలో ఈ నల్లి ఎక్కువగా పోతుటీగల పిల్లగదుల్లోనే పెరుగుతుంది కనుక, ఆ గదులను కూడా విప్పి చూడాలి.

ఈగ పేగుల్లో పెరిగే నోసీమా అనే సూక్ష్మ పరాన్నజీవి కోసం గుమ్మం దగ్గర మేతకు వెళ్లే ముదురు ఈగలను పట్టి, వాటి పొట్టలను ఈగకు ఒక మిల్లీలీటరు నీటితో నూరి, 400 రెట్ల సూక్ష్మదర్శిని కింద చూడాలి. 1991 తర్వాత దక్షిణ భారతంలో పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టిన థాయ్ సాక్‌బ్రూడ్ లాంటి వైరస్‌లకు ఆల్కహాల్ నమూనా సరిపోదు. వైరస్ జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏ చెడకుండా, ఈగలను వెంటనే డ్రై ఐస్‌లో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో) పెట్టాలి.

చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలలో మందు కొట్టిన తేదీని కూడా నోటుపుస్తకంలో తప్పక రాసుకోవాలి. అది లేకపోతే, విషంతో చచ్చిన ఈగలను రోగంతో చచ్చినవాటిగా పొరబడే ప్రమాదం ఉంది.