మైన్‌క్రాఫ్ట్ కమాండ్లు, 4వ పాఠం: లెక్క చూసి దెబ్బ వేయడం

పోయిన పాఠంలో ప్రాణం తీసే కిల్ కమాండ్ చెప్పాను. ఆ వారమంతా నాకు వచ్చిన మెసేజ్‌లన్నీ ఒకే రకం. చిత్తూరు తమ్ముడు ఒకడు మూడు నెలలు కూర్చుని చంద్రగిరి కోట కట్టుకున్నాడు. రాజమహల్, రాణీమహల్, వెనక కొండ, కింద పల్లె, పల్లెలో 14 ఆవులు. రెండు జాంబీలు లోపలికి దూరాయని "/కిల్ @ఈ" కొట్టేశాడు. రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఊర్లో ఒక్కరూ లేరన్నా. నా కుక్క కూడా పోయింది" అన్నాడు. తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద నిలబడి ఆ మాట విన్నాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈసారి దెబ్బ వేసే డ్యామేజ్ కమాండ్ కంటే ముందు @ఈ సంగతి తేల్చుకుందాం.

కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి. చీట్స్ ఆన్ చేయడం, చాట్ తెరవడం మళ్లీ చెప్పను.

@ఈ అంటే "శత్రువులు" అని చాలామంది అనుకుంటున్నారు. కాదు. లోడ్ అయి ఉన్న ప్రతి ఎంటిటీ అందులోకి వస్తుంది. జాంబీ, ఆవు, పల్లె మనిషి, పెంపుడు కుక్క, నేల మీద పడిన వజ్రం, పట్టాల మీది బండి, గోడకు తగిలించిన ఫ్రేమ్, చివరికి మీరు కూడా. కొందరు తెలివిగా "@ఈ[టైప్=!ప్లేయర్]" అని రాశారు. దాంతో బతికేది ఆటగాళ్లు మాత్రమే, ఊరు బతకదు. ఎవరిని వదలాలో రాసుకుంటూ పోతే ఎవరో ఒకరిని మరిచిపోతాం. ఎవరిని కొట్టాలో అది రాయండి: "@ఈ[టైప్=జాంబీ,డిస్టెన్స్=..10]". అంటే మీ చుట్టూ 10 బ్లాకుల్లో ఉన్న జాంబీలు మాత్రమే. ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్‌లో డిస్టెన్స్ బదులు "ఆర్=10".

కొట్టే ముందు లెక్క చూడటం నాకు అలవాటు. కంప్యూటర్‌లో ఆడే జావాలో "/ఎగ్జిక్యూట్ ఇఫ్ ఎంటిటీ" అని రాసి పక్కన సెలెక్టర్, అంటే ఎవరిని ఎంచుకోవాలో చెప్పే @ఈ లాంటి ముక్క, పెడితే ఎంతమంది దొరికారో సంఖ్య చెబుతుంది. బెడ్‌రాక్‌లో "/టెస్ట్‌ఫర్" దొరికినవాళ్ల పేర్లు చూపిస్తుంది, లెక్క మీరే పెట్టుకోవాలి. రెండు జాంబీలు ఉండాల్సిన చోట 17 అని వస్తే చెయ్యి ఆపండి. ఈ ఒక్క అలవాటుంటే ఆ కోట పల్లె నిలబడేది.

ఇక డ్యామేజ్. జావాలో ఇది 1.19.4 వెర్షన్ నుంచి ఉంది. "/డ్యామేజ్ @ఎస్ 4" కొడితే మీకే రెండు గుండెలు పోతాయి. ఒక గుండె అంటే 2 పాయింట్లు, మొత్తం 20. జాంబీకీ 20, ఆవుకు 10, కోడికి 4, ఐరన్ గోలెమ్‌కు 100.

జావాలో డ్యామేజ్ ఒకసారికి ఒకరినే కొడుతుంది. పదిమందిని పట్టే సెలెక్టర్ ఇస్తే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. అందరికీ తగలాలంటే "/ఎగ్జిక్యూట్ యాజ్ @ఈ[టైప్=జాంబీ,డిస్టెన్స్=..10] రన్ డ్యామేజ్ @ఎస్ 4". ఇక్కడ @ఎస్ అంటే మీరు కాదు, ఒక్కో జాంబీ. బెడ్‌రాక్‌లో ఈ చుట్టుదారి అక్కర్లేదు.

చివర్లో దెబ్బ రకం కూడా రాయొచ్చు. జావాలో ఏమీ రాయకపోతే జెనరిక్ అనే రకం పడుతుంది. దాన్ని కవచం ఆపలేదు. అదే "ప్లేయర్_అటాక్" (ఆటగాడు కొట్టిన దెబ్బ) అని రాసి జాంబీకి 20 వేసి చూడండి. చావదు! జాంబీకి పుట్టుకతోనే 2 ఆర్మర్ పాయింట్లుంటాయి కాబట్టి తగిలేది 19.68. రవ్వంత ప్రాణంతో మీ మీదికే నడిచొస్తుంది. నేనైతే లెక్క కచ్చితంగా ఉండాల్సినప్పుడు జెనరిక్కే వాడతాను.

కమాండ్‌ను దానంతట అదే మళ్లీ మళ్లీ నడిపే రిపీట్ కమాండ్ బ్లాక్‌లో పెట్టేవాళ్లకు ఒక మాట. అది సెకనుకు 20 సార్లు నడుస్తుంది కానీ, ఒక దెబ్బ తగిలాక అర సెకను వరకు అంతే బలమున్న దెబ్బ మళ్లీ తగలదు. 1 చొప్పున వేస్తే సెకనుకు 20 పోవు, రెండే పోతాయి.

అభ్యాసం జావా వాళ్లకు. కొత్త వరల్డ్‌లో చేయండి, మీ కోట దగ్గర వద్దు. పైకప్పు వేసిన గదిలో ఐదు జాంబీలు పెట్టండి, కప్పు లేకపోతే ఎండకు కాలిపోతాయి. మధ్యలో అద్దం గోడ కట్టి అవతల ఒక పల్లె మనిషిని, రెండు ఆవులను ఉంచండి. ముందు లెక్క తీయండి, 5 రావాలి. ఒకే కమాండ్‌తో ఐదింటికీ సరిగ్గా సగం ప్రాణం తీయండి. తర్వాత "/డేటా గెట్ ఎంటిటీ @ఈ[టైప్=జాంబీ,లిమిట్=1,సార్ట్=నియరెస్ట్] హెల్త్" అని కొట్టండి, ఇందులో హెల్త్ మొదటి అక్షరం మాత్రం పెద్దది. ఒక్కో జాంబీ దగ్గరికి వెళ్లి ఐదుసార్లూ చూడండి. ఆవుల ప్రాణం 10 దగ్గరే ఉందో లేదో కూడా చూసి, ఆ అంకెలన్నీ నాకు పంపండి.