టీకి రమ్మన్నారా? తిని వెళ్లకండి

మొన్న మా ఇంట్లో కొత్తగా దిగిన తమ్ముణ్ణి పక్కింటి పెద్దావిడ "అయిదున్నరకు టీకి రా" అంది. వీడు కడుపునిండా పప్పన్నం తిని మరీ వెళ్లాడు. అక్కడ బల్ల మీద ప్లేటు నిండా షెపర్డ్స్ పై అనే మాంసం వంటకం, పక్కన బఠానీలు. సగం వదిలేశాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు నవ్వు రాలేదు. ఇంగ్లండ్‌లోని ఈ లీడ్స్‌కి వచ్చిన కొత్తలో నేను చేసింది ఇంకా ఘోరం: టీయే కదా అని గంటన్నర ఆలస్యంగా వెళ్లాను. ఇంటిల్లిపాదీ తినకుండా కూర్చున్నారు.

ఇక్కడికి కొత్తగా వచ్చే మీకు బ్యాంకు ఖాతా, సిమ్, జీపీ (అంటే పేటలో ఉండే మామూలు డాక్టరు) దగ్గర పేరు నమోదు, ఇవన్నీ అందరూ చెప్తారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్, లాంకషైర్ వైపు, టీ అంటే చాలామందికి సాయంత్రం భోజనం. డిన్నర్ అంటే మధ్యాహ్నం తినేది. బడిలో మధ్యాహ్నం వడ్డించే ఆవిడ అందుకే డిన్నర్ లేడీ. మరి తాగేది? దాన్ని 'బ్రూ' అంటారు. మనకేమో బ్రూ అంటే కాఫీ పొడి, అదో గొడవ. వెస్ట్ యార్క్‌షైర్‌లో టీకేక్ అడిగితే చాలాచోట్ల ఉత్త బన్ను చేతిలో పెడతారు. లండన్ హోటళ్ల ఆఫ్టర్‌నూన్ టీ మళ్లీ వేరు, దాని జోలికి ఇప్పుడు వద్దు.

అసలు ఈ టీ అనే మాట చైనాలోని ఫూజియన్ తీరంలో 'తే'. డచ్చి వర్తకుల నోట పడి ఇంగ్లీషుకు చేరింది. 1660లో శామ్యూల్ పీప్స్ అనే లండన్ ఉద్యోగి 'టీ' అనే చైనా పానీయం తాగానని డైరీలో రాసుకున్నాడు. చైనాలో చాలాచోట్ల దాని పేరు 'చా'. అది పర్షియన్‌లో చాయ్ అయి, మన ఇరానీ హోటళ్ల దాకా వచ్చింది. ఆకు ఒకటే, దారులు రెండు. తేనీరులోని 'తే' తేనె అని చిన్నప్పుడు నమ్మేవాణ్ణి, తేయాకు గుర్తే రాలేదు!

సరే, అసలు సంగతి. పిలిచినప్పుడే అడగండి, తినడానికా తాగడానికా అని. సిగ్గెందుకు? అయిదూ ఆరున్నర మధ్య రమ్మంటే తినడానికే అనుకోండి. మాంసం ఏదో కూడా అప్పుడే అడగాలి. షెపర్డ్స్ పై గొర్రె మాంసం, కాటేజ్ పై గొడ్డు మాంసం. పైన ఆలుగడ్డ ముద్ద కప్పేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తినని వాళ్లు పళ్లెం ముందు కూర్చున్నాక టెన్షన్ పడి లాభం లేదు. ఎన్నిసార్లు చెప్పినా "ఆఁ, చూద్దాంలే అన్నా" అంటారు మీరు.

అయినా కొంపేం మునగలేదు లెండి. పెద్దావిడ నిన్న మళ్లీ పిలిచింది వాణ్ణి, వచ్చే బుధవారానికి. ఈసారి అడిగాడు. తినడానికేనట.