రేంజ్‌ఫైండర్‌కి ఒకే ఒక్క చిన్న లెన్స్ కొనాలంటే ఏం చూడాలి

రేంజ్‌ఫైండర్ కెమెరా, అంటే లెన్స్ పక్కనున్న కిటికీలో రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసేది, కొన్న కొత్తలో చాలామంది ఒకటే పొరపాటు చేస్తారు. బాడీ సన్నగా ఉంది, మెడలో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు అని ఇష్టపడి కొని, ఆ వెంటనే దాని ముందు పావు కిలో దాటిన, వెలుతురు బాగా తీసుకునే ఎఫ్1.4 లెన్స్, దాని మీద పక్క వెలుతురు పడకుండా ఒక హుడ్ బిగిస్తారు. దాంతో కెమెరా ముక్కు కిందికి వాలిపోతుంది, చిన్న సంచీలో పట్టదు, వారం తిరిగేసరికి ఇంట్లోనే ఉండిపోతుంది. నా కెమెరా అలాగే ఆరు నెలలు బీరువాలో ఉండిపోయింది. చిన్న లెన్స్ పెట్టాకే మళ్లీ రోజూ నాతో బయటికి రావడం మొదలైంది.

ఈ కెమెరాల్లో లెన్స్ సైజు బరువు కోసమే కాదు, చూపు కోసం కూడా ముఖ్యం. లోపల అద్దం ఉండే ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్ గుండానే చూస్తాం కాబట్టి అది ఎంత పెద్దదైనా కంటికి అడ్డం రాదు. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది పక్కనున్న వేరే కిటికీలోంచి. లెన్స్ లావుగా, పొడవుగా ఉంటే ఫ్రేమ్ కింది కుడి మూలలో దాని తల కనిపిస్తుంది, అక్కడ చిన్నపిల్లో కుక్కో నిలబడి ఉన్నా మీకు తెలియదు. అందుకే కొనేముందు లెన్స్‌ని బాడీకి తగిలించి, హుడ్ కూడా పెట్టి, ఒక మీటరు దూరానికి ఫోకస్ పెట్టి ఫైండర్‌లోంచి చూడండి. మూల ఎంత పోతోందో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ ఎంత వెడల్పు చూపిస్తుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె. చాలామంది 35 ఇష్టమా, 50 ఇష్టమా అని మొదలుపెడతారు గానీ నా లెక్కలో ముందు మీ బాడీలో ఏ ఫ్రేమ్‌లైన్లు, అంటే ఫొటోలో ఎంత పడుతుందో ఫైండర్‌లో చూపే గీతలు, ఉన్నాయో చూడాలి. 1954లో వచ్చిన లైకా ఎం3లో అన్నిటికన్నా వెడల్పు గీత 50దే, దానికి 35 మామూలు లెన్స్ కొంటే బయట విడిగా ఫైండర్ పెట్టుకోవాలి, అప్పుడు చిన్న కిట్ అన్న మాటే పోతుంది. ఎం2లో 35, 50, 90 ఉంటాయి. ఎం6లో 28 నుంచి 135 దాకా ఉన్నాయి గానీ 40 లేదు. 1973 నాటి చిన్న లైకా సీఎల్‌లో 40, 50, 90 ఉంటాయి. ఎం6కి 40 లెన్స్ తగిలిస్తే 50 గీతలు వస్తాయి, మీరు చూసినదాని కన్నా ఫిల్మ్ మీద చుట్టూ ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కొందరు లెన్స్ వెనక ఉండే, ఏ గీతలు రావాలో బాడీకి చెప్పే లగ్ అనే లోహపు ముక్కని కొంచెం అరగదీయించి 35 గీతలు వచ్చేలా చేసుకుంటారు. నేనైతే ఆ పని చేయించను. 50 గీతలకి బయట ఎంత వస్తుందో రెండు రోల్స్ తీసేసరికి కంటికి అలవాటవుతుంది.

ఇంత ఇబ్బంది ఉన్నా 40 గురించి ఎందుకు చెబుతున్నానంటే, 24×36 ఫిల్మ్ ఫ్రేమ్ కర్ణం సుమారు 43 మిల్లీమీటర్లు, స్టాండర్డ్ లెన్స్ అంటే ఆ కర్ణానికి దగ్గరగా ఉండేది, కాబట్టి పేరుకి 50ని స్టాండర్డ్ అంటాం గానీ నిజానికి 40 దానికి ఇంకా దగ్గర. పైగా 40లో ఫోకస్ విషయంలో వెసులుబాటు ఎక్కువ. ఎఫ్8 పెట్టి 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 40లో సుమారు 2 మీటర్ల నుంచి 5.5 మీటర్ల దాకా షార్ప్‌గా వస్తుంది, అదే 50లో 2.3 నుంచి 4.2 దాకే. బజారులో నడుస్తూ ఫైండర్‌లో చూసి ఫోకస్ జరుపుకునే టైం లేకుండా తీయాల్సి వచ్చినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. మీరు ఎక్కువగా మనుషుల ముఖాలు తీస్తారంటే మాత్రం 50కే వెళ్లండి, రెండో ఆలోచన వద్దు.

అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దది), దాని గురించి సూటిగా చెబుతాను: చిన్న కిట్‌కి ఎఫ్2 లేదా ఎఫ్2.8 చాలు. మన ఎండలో ఐఎస్ఓ 400 ఫిల్మ్ వేస్తే, ఎం6 షట్టర్ గరిష్ఠ వేగం 1/1000 సెకను కాబట్టి మధ్యాహ్నం ఎఫ్11 దగ్గర తీయాల్సిందే, ఎఫ్1.4 ఉందన్న సంగతే గుర్తుకు రాదు. రాత్రి పూట ఎఫ్1.4కి, ఎఫ్2కి ఉన్న తేడా ఒక్క స్టాప్, అంటే వెలుతురు సగమో రెట్టింపో. ఈ కెమెరాల్లో అద్దం ఎగిరి పడే కుదుపు లేదు కాబట్టి 1/30, కొంచెం ఊపిరి బిగబడితే 1/15 కూడా చేతిలోనే తీయొచ్చు, ఆ స్టాప్ అక్కడే తిరిగి వచ్చేస్తుంది. సీఎల్ లాంటి చిన్న బాడీల్లో రేంజ్‌ఫైండర్ బేస్, అంటే ఫోకస్‌కి వాడే రెండు కిటికీల మధ్య దూరం, చిన్నది, కాబట్టి లెన్స్ పూర్తిగా తెరిచి దగ్గర్నుంచి తీస్తే ఫోకస్ గురి తప్పే అవకాశం ఎక్కువ.

ఇక పేర్లు. ఫోక్ట్‌లెండర్ కలర్-స్కోపార్ 50 ఎఫ్2.2 బరువు 135 గ్రాములే, కొత్తది, ఫిల్టర్ సైజు 39. అర మీటరు దాకా దగ్గరకి వెళ్తుంది గానీ చాలా లైకా ఎం బాడీల్లో రేంజ్‌ఫైండర్ 0.7 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, ఆ కింద కొలిచి తీయాలి, లేదా వెనక తెర మీద చూసే లైవ్ వ్యూ ఉండాలి. అదే కంపెనీ నాక్టన్ 40 ఎఫ్1.4 వెలుతురు ఎక్కువ తీసుకున్నా 175 గ్రాముల్లోనే ఉంటుంది, కింద వేలితో తిప్పే ట్యాబ్ ఉంటుంది. లైకా సమ్మిక్రాన్ 50 ఎఫ్2 సుమారు 240 గ్రాములు, జైస్ ప్లానార్ 50 ఎఫ్2 కూడా దాదాపు అంతే, రెండూ జీవితాంతం వాడుకోదగ్గవి, కాకపోతే నేను చెప్పే చిన్న కిట్‌కి అదే పైహద్దు. సీఎల్ కోసం చేసిన సమ్మిక్రాన్-సీ 40 ఎఫ్2 నాకు వీటన్నిటిలో ఇష్టం, కానీ దాని ఫిల్టర్ సిరీస్ 5.5 అనే పాత కొలత, వెతకడం కష్టం. అదే తరహా మినోల్టా సీఎల్ఈ రొక్కార్ 40కి అయితే 40.5 ఫిల్టర్ సరిపోతుంది. జైస్ సీ సోనార్ 50 ఎఫ్1.5 ఫొటోలు ఎంత బావున్నా మొదటి లెన్స్‌గా వద్దు, అపెర్చర్ మారిస్తే ఫోకస్ పడిన చోటు ముందుకో వెనక్కో జరిగిపోతుంది.

లోపలికి ముడుచుకునే లెన్సులు, అంటే ఎల్మార్ లాంటివి, జేబులో పట్టేస్తాయి. అయితే రెండు జాగ్రత్తలు. బయటికి లాగి తిప్పి లాక్ చేయడం మరిచిపోతే ఫైండర్‌లో అంతా మామూలుగానే కనిపిస్తుంది, రోల్ డెవలప్ చేశాకగాని విషయం తెలియదు. రెండోది, సీఎల్, ఎం5 బాడీల్లో లోపల వెలుతురు కొలిచే మీటర్ చెయ్యి అడ్డంగా ఉంటుంది, వాటిలో ఈ లెన్సుల్ని ముడవకూడదు. డిజిటల్ బాడీ అయితే మాన్యువల్‌లో ఏం రాశారో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి. నేను ఒకసారి ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో లెన్స్ తెప్పించాను, గాజు క్లీన్ అని రాశారు, పైనుంచి చూస్తే నిజంగానే మెరిసిపోతోంది. రాత్రి లైట్లు ఆపి ఫోన్ టార్చ్‌ని వెనక వైపు నుంచి కొంచెం వాలుగా పెట్టి ముందు నుంచి చూశాను, అపెర్చర్ రెక్కల వెనక గాజంతా పాలపొర లాంటి మసక, ఒక అంచున సాలెగూడు దారాల్లా ఫంగస్. ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలన్నీ బూడిద రంగులో వచ్చాయి. డబ్బు తిరిగి రాలేదు. కాబట్టి అమ్మేవాళ్లని టార్చ్ వాలుగా పెట్టి తీసిన వీడియో అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. మరలా తిప్పి బిగించే పాత కెనాన్ 50 ఎఫ్1.8 స్క్రూ లెన్సుల్లో ఈ మసక తరచుగా కనిపిస్తుంది, వాటికి మరీ తప్పనిసరి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు మంచి లెన్స్ కొన్నా తోలు కేసులో పెట్టి మూసేయకండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, వారానికోసారి బయటికి తీసి వాడండి.

పాత స్క్రూ లెన్స్ అయితే ఎం బాడీకి అడాప్టర్ కావాలి, అది ఏ ఫ్రేమ్‌లైన్లకో చూసి కొనాలి, 50 లెన్స్‌కి 50/75 అడాప్టర్. సోవియట్ జూపిటర్-8 తేలిక, ఫొటోల్లో మెత్తదనం ఉంటుంది, కానీ కొన్ని కాపీలు దగ్గరలో లైకా రేంజ్‌ఫైండర్‌తో కలవవు. ఏ లెన్స్ తెచ్చినా మొదటి రోల్‌లో నాలుగు ఫ్రేములు దీనికి పెట్టండి: బల్ల మీద స్కేలు వాలుగా పెట్టి, 15 అంకె మీద ఫోకస్ చేసి, మీటరు దూరం నుంచి అపెర్చర్ పూర్తిగా తెరిచి రెండు, ఎఫ్4లో రెండు. నెగటివ్‌లో 15 కాకుండా 13 షార్ప్‌గా ఉంటే తేడా లెన్స్‌దా బాడీదా అన్నది ఇంకో లెన్స్ తగిలించి అదే స్కేలు మళ్లీ తీస్తే తేలిపోతుంది, రిపేరుకి ఏది ఇవ్వాలో అప్పుడు చూసుకోవచ్చు.