కిటికీలు తెరిచినా పడకగదిలో ఉక్కపోత: సమస్య - పరిష్కారం

చెన్నైలో సొంత ఇల్లు కట్టించుకున్న మన తెలుగువాళ్లు తరచుగా చెప్పే ఇబ్బంది ఇది: మధ్యాహ్నం సముద్రపు గాలి వీచే తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో పెద్ద కిటికీలు పెట్టించారు, పగలు పడకగది హాయిగానే ఉంటుంది, రాత్రి పడుకోగానే ఒళ్లంతా చెమట.

మొదట చూడవలసింది గాలి వచ్చే దారి కాదు, పోయే దారి. లోపలి గాలి బయటికి పోనిదే బయటి గాలి లోపలికి రాదు. ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టినంత మాత్రాన ఆ దారి ఏర్పడదు. ఇంత చిన్న పరిశీలన వదిలేసి నేరుగా ఏసీ కొనేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అసలు కారణం పగటిపూట కనబడదు. వేళచ్చేరిలో ఒక ఇంటికి రెండుసార్లూ మధ్యాహ్నమే వెళ్లాను. అగరుబత్తి వెలిగిస్తే పొగ కిటికీ వైపు నుంచి హాలులోకి చక్కగా సాగింది కాబట్టి దోషం శ్లాబుదేనని తేల్చి, మేడ మీద తెల్ల పలకలు వేయించాను. వేడి కొంత తగ్గింది, ఉక్కపోత తగ్గలేదు. మూడోసారి రాత్రి 10 దాటాక వెళ్లి, ఆ ఇంటివాళ్లు నిద్రవేళ ఎలా ఉంచుతారో అలాగే తలుపు గడియ వేయించి అగరుబత్తి వెలిగించాను. పొగ దారంలా నిటారుగా లేచి కప్పు కింద పరుచుకుంది. తలుపు బెత్తెడు తీయగానే ఆ సందువైపు వంగింది. పగలు గాలి పోయే దారి ఆ తలుపే. రాత్రి దానిని మూసేస్తున్నారు.

దీనికి మందు పాత ఇళ్లలో ఉన్నదే, తలుపు మీది వెంటిలేటర్. కొత్తగా కట్టేవారు దానిని ద్వారబంధంతో కలిపి చేయించి, లింటెల్ (తలుపు పైన గోడ బరువు మోసే దూలం) దాని పైన వచ్చేలా చూసుకోవాలి. కట్టేసిన ఇంట్లో గోడ కొట్టే ముందు అక్కడ దూలం ఉందేమో చూడాలి. ఉంటే తలుపు పైభాగంలోనే ఏటవాలు చెక్క పట్టీలు బిగించడం మేలు. హాలులో ఎదుటి కిటికీ కూడా రాత్రంతా తెరిచే ఉండాలి. కొలవవలసింది కిటికీ చట్రాన్ని కాదు, తెరుచుకునే భాగాన్ని: రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, దుమ్ము పట్టిన దోమల జాలి ఆ సగాన్నీ తగ్గిస్తుంది.

పై అంతస్తులో రాత్రి కూడా కప్పు చేతికి వేడిగా తగిలితే అది శ్లాబు దాచుకున్న పగటి ఎండ. తెల్ల పలకలు అక్కడ పనిచేస్తాయి. పడమటి ఎండ వాలుగా వస్తుంది కనుక సన్‌షేడ్ చాలదు, నిలువు జాలీయో (చిల్లుల తెర గోడ) చెట్టో కావాలి. చెన్నై 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్నందున జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు, ఉత్తరపు కిటికీలకూ నీడ అవసరమే. వంటింటి వేడి పడకగదికి చేరుతుంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో తగ్గించుకోవచ్చు.