మేక్‌ఫైల్ సమస్య: నా దగ్గర బిల్డ్ అవుతోంది, కొత్త మెషీన్‌లో అవట్లేదు

లక్షణం

టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు ఒక ఉదయం వచ్చి, "అన్నా, క్లోన్ చేసి మేక్ కొట్టాను. మెయిన్.ఓ అనే ఫైలే లేదంటూ లింకర్ ఆగిపోయింది" అన్నాడు. (మేక్ అంటే మేక్‌ఫైల్‌లో రాసిన రూల్స్ చూసి సోర్స్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే టూల్. సోర్స్ ఫైల్‌ని కంపైల్ చేస్తే వచ్చేది .ఓ ఫైల్, అంటే ఆబ్జెక్ట్ ఫైల్. వాటిని కలిపి ప్రోగ్రామ్ చేసేది లింకర్.) నా దగ్గర అదే కోడ్ ఏ ఎర్రర్ లేకుండా పోతోంది. కాసేపటికి నేనూ ఒక సోర్స్ ఫైల్ మార్చి మేక్ కొట్టాను. "యాప్ ఈజ్ అప్ టు డేట్" అంది. మార్చిన ఫైల్‌ని అసలు పట్టించుకోలేదు. అప్పుడు మొదలైంది టెన్షన్.

ఈ రెండూ కలిసి కనిపిస్తే కంపైలర్‌ని, లైబ్రరీలని అనుమానించకండి. మేక్‌ఫైల్‌లో ఏది ముందుంది, ఏది వెనకుంది చూడండి.

కారణం

ముందురోజు సాయంత్రం ఫైల్ నీట్‌గా ఉంటుందని వేరియబుల్స్ అన్నీ కిందికి జరిపాను. పేర్లు తెలుగులోకి మార్చి చూపిస్తే ఇలా ఉంది:

యాప్: $(ఆబ్జెక్టులు)
    లింక్ $(ఆబ్జెక్టులు)

ఆబ్జెక్టులు := మెయిన్.ఓ నెట్.ఓ

గ్నూ మేక్ రెండు విడతల్లో పనిచేస్తుంది. మొదటి విడతలో ఫైల్ మొత్తం చదివి, ఏది దేనిమీద ఆధారపడిందో లెక్క వేసుకుంటుంది. కమాండ్లు నడిపేది రెండో విడతలో. రూల్ మొదటి లైన్‌లో (కోలన్‌కి ముందు తయారు కావాల్సింది, తర్వాత దానికి కావలసినవి; కింద జరిపి రాసింది కమాండ్) ఉన్న వేరియబుల్ విలువని మాత్రం చదువుతున్నప్పుడే, అక్కడికక్కడే తీసేసుకుంటుంది. అప్పటికి కింది లైన్ ఇంకా చదవలేదు కాబట్టి దొరికేది ఖాళీ. విలువ లేని వేరియబుల్ మేక్‌కి తప్పు కాదు, అందుకే నోరు మెదపదు. కమాండ్ లైన్ దగ్గరికి వచ్చేసరికి ఫైలంతా చదివేసి ఉంటుంది, అక్కడ విలువ సరిగ్గానే దొరుకుతుంది.

అంటే ఒకే రూల్‌లో, ఒకే పేరు, పై లైన్‌లో ఖాళీ, కింది లైన్‌లో నిండుగా. యాప్ దేనిమీదా ఆధారపడదని మేక్ అనుకుంది. నా మెషీన్‌లో పాత .ఓ ఫైళ్లు ఉన్నాయి కాబట్టి గుట్టు బయటపడలేదు. తమ్ముడి దగ్గర అవి లేవు, వాటిని తయారు చేయాలని మేక్‌కి ఎవరూ చెప్పలేదు.

చాలామంది := (కుడివైపు ఉన్నదాన్ని ఆ లైన్ చదివినప్పుడే విప్పేది) తీసి = పెట్టి చూస్తారు. నేనూ అదే చేశాను, గంట పోయింది. = పెడితే కుడివైపు ఉన్నది వాడినప్పుడు విప్పుకుంటుంది, నిజమే. కానీ రూల్ పై లైన్ చదివే సమయానికి ఆ పేరే పుట్టలేదు కదా.

పరిష్కారం

వేరియబుల్‌ని రూల్‌కి పైన పెట్టండి. అంతే. నిర్ధారణకి రూల్‌కి సరిగ్గా పై లైన్‌లో ఇన్ఫో ఫంక్షన్‌తో [$(ఆబ్జెక్టులు)] ప్రింట్ చేయించండి. ఉత్త [] వస్తే దొంగ దొరికినట్టే. --వార్న్-అన్‌డిఫైన్డ్-వేరియబుల్స్ ఆప్షన్ ఇస్తే ఖాళీ పేరు ఏ లైన్‌లో వాడారో కూడా చెబుతుంది. సరిచేశాక పాత ఫోల్డర్‌లో పరీక్షించొద్దు, కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి చూడండి. పాత .ఓ ఫైళ్లు మళ్లీ మోసం చేస్తాయి.

దగ్గరి చుట్టాలు రెండు

ఉత్త మేక్ కొడితే వేరే పని ఏదో నడుస్తోందా? పైన ఇన్‌క్లూడ్ చేసిన (అంటే మేక్‌ఫైల్‌లోకి లాక్కొచ్చిన) వేరే ఫైల్‌లో ఒక రూల్ ఉండి ఉంటుంది. ఏమీ చెప్పకపోతే మేక్ మొదట కనిపించిన టార్గెట్‌నే (రూల్‌లో కోలన్‌కి ముందున్న పేరునే) పట్టుకుంటుంది. ఇన్‌క్లూడ్‌కి ముందు "ఆల్:" అని ఖాళీగా ఒక లైన్ రాసి, వేరియబుల్స్ వచ్చాక కింద "ఆల్: యాప్" అని రాయండి. మేక్ రెండిటినీ కలుపుకుంటుంది.

లింకర్ "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటోంది, లైబ్రరీ మాత్రం ఇచ్చే ఉన్నారా? గ్నూ లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. స్టాటిక్ లైబ్రరీ (.ఓ ఫైళ్లని కట్టగట్టి పెట్టిన ఫైల్) నుంచి అప్పటిదాకా అవసరం పడ్డవే తీసుకుని ముందుకు పోతుంది. కాబట్టి లైబ్రరీలు ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే రావాలి. మేక్ సొంత రూల్స్ వాడుతుంటే లైబ్రరీలని ఎల్‌డీఫ్లాగ్స్ అనే వేరియబుల్‌లో కాక ఎల్‌డీలిబ్స్ అనే దాంట్లో పెట్టండి. మొదటిది ఫైళ్లకి ముందు పడుతుంది, రెండోది వెనక.